ఒడ్డు మీద కూసున్న ఓడల ఇంజనీరు

(హనుమకొండలో జులై 11న ఇంజనీర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత మెరైన్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికి నమస్కారం. మైకు వెనకదాక వినవడుతున్నదా? గోడకానుకొని నిలబడ్డ తమ్ముళ్ళకు? మంచిది.

ఇయ్యాల నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పుట్టినరోజు. నిజాంసాగర్ కట్టినాయన. ఈ దినం మన దిక్కు నీళ్ళ ముచ్చట పెట్టుకునుడు ఆనవాయితీ. చెరువులు, మత్తళ్ళు, కాల్వలు. నన్ను పిలిచినోళ్ళు కూడ అదే అనుకొని ఉంటరు. నేనేమో ఉప్పునీళ్ళ మనిషిని. ముప్పై ఏండ్లు ఓడల అడుగున, ఇంజన్ రూముల్ల బతికిన. మొదటిసారి ఓడకు పోతుంటే మా అమ్మమ్మ "పాకాల చెరువుల పడవ నడిపినట్టేనా బిడ్డా?" అని అడిగింది. "గంతేనే, చెరువు జర పెద్దది" అన్న. (నవ్వులు)

ఇయ్యాల నేను చెప్పేది జాన్ ఎరిక్సన్ అనే మనిషి గురించి. స్వీడన్ల పుట్టిండు, ఇంగ్లండుకు వలసపోయిండు, అక్కడ అప్పులపాలై అమెరికా చేరిండు, ఆడనే చచ్చిపోయిండు. ఓడకు నీళ్ళ కింద ప్రొపెల్లర్ బిగించి నడిపి చూపిన మొదటోళ్ళల్ల ఒకడు. నా బువ్వ అంత ఆ ప్రొపెల్లర్ తిప్పుడు మీదనే నడిచింది కాబట్టి ఆయనకు నేను బాకీ ఉన్న. అయినా ఆయనతోని నాకొక పంచాయితీ ఉన్నది. అది మెల్లగ చెప్త.

మా బాపు పోచంపాడు కాల్వ పనుల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్. ఇప్పుడు బోర్డుల మీద కాకతీయ కాల్వ అని రాస్తున్నరు గని, మాకు అది పోచంపాడు కాల్వనే. 284 కిలోమీటర్లు. 1963ల నెహ్రూ వచ్చి పునాదిరాయి వేసిపోతే, ఆ నీళ్ళు మన దిక్కు వచ్చేటాళ్ళకు ఒక తరం పెద్దదైంది. నా చిన్నతనం సగం రేకుల క్వార్టర్లల్ల, మొరం కుప్పల మీద గడిచింది. సెలవులల్ల లెవెలింగ్ స్టాఫ్, అంటే ఎత్తు కొలిచే గీతల కర్ర, పట్టుకొని నిలబడేది నేనే. ఒకనాడు బాపు నన్ను పిలిచి డంపీ లెవెల్ల, అంటే ఎత్తుపల్లాలు చూసే దుర్భిణిల, చూడమన్నడు. కన్ను అందలేదు. సిమెంటు బస్తా మీద నిలబెట్టిండు. చూస్తే ఏమున్నది, స్టాఫ్ పట్టుకున్న మనిషి తలకిందులుగ కనవడుతున్నడు! పాత లెవెల్ అద్దాలల్ల బొమ్మ తిరగబడే కనవడుతది. "బాపూ, గాయిన పడిపోతడే" అని మొత్తుకున్న. ఆ నవ్వు నాకు ఇప్పటికీ యాదున్నది.

అందుకే ఎరిక్సన్ చిన్నతనం చదివినప్పుడు మా ఇంటోడే అనిపించిండు. 1803 జులై 31న వేర్మ్లాండ్ అనే ఇనుప గనుల సీమల పుట్టిండు. తండ్రి గని మీద సూపర్‌వైజరు. వ్యాపారంల డబ్బు పోగొట్టుకొని, 1810ల పెళ్ళాంపిల్లలను తీసుకొని యోటా కాల్వ పనికి పోయిండు. అక్కడ బండలు పేల్చే పని చూసుకున్నడు. యోటా కాల్వ అంటే స్వీడన్‌కు ఒక సముద్రం దిక్కు నుంచి ఇంకో సముద్రం దిక్కుకు దారి చేసే పని. 190 కిలోమీటర్లు, 58 లాకులు, అంటే పడవలను ఎక్కించి దించే నీళ్ళ తలుపుల గదులు. ఇద్దరు కొడుకులు, పెద్దోడు నీల్స్, చిన్నోడు జాన్, ఆ క్యాంపులల్లనే పెరిగిండ్రు. కాల్వ కట్టించే పెద్దమనిషి బాల్ట్సార్ వాన్ ప్లాటెన్ వీళ్ళ చేతిపని చూసి క్యాడెట్లుగ పెట్టుకున్నడు. పద్నాలుగేండ్లకు జాన్ సొంతంగ సర్వే చేస్తున్నడు. లెవెల్ అందదు కాబట్టి ఒక మనిషి పీట పట్టుకొని వెంబడి తిరిగేటోడట. నాకు సిమెంటు బస్తా, ఆయనకు పీట. తేడా ఏందంటే ఆయన చేతికింద మనుషులు ఉండిరి, నేను స్టాఫ్ మోసిన.

నీల్స్ అక్కడనే ఉండి స్వీడన్ రైల్వేలు కట్టిండు, గొప్పోడైండు. జాన్ పదిహేడేండ్లకు సైన్యంల చేరి, ఉత్తరాన మంచు దేశంల సర్వేలు చేసుకుంట, పొయ్యి దగ్గర ఒక ఇంజను తయారు చేసిండు. ఆవిరి అక్కరలేదు, మంట నుంచి వచ్చే వేడిగాలే నేరుగ పని చేయాలె. బర్చ్ కట్టె పెట్టి మండిస్తే నడిచింది. 1826ల అది సంకల పెట్టుకొని లండన్ పోయిండు. ఇంగ్లండుల బర్చ్ కట్టె ఎక్కడిది? బొగ్గు పెట్టిండ్రు. బొగ్గు వేడికి ఇంజన్ లోపటి భాగాలన్నీ ఖరాబైనయి.

మీకు నవ్వొస్తది గని, ఇదే పని మా అవ్వ చేసింది. మా చిన్నమ్మ వాళ్ళది గోదావరిఖని. సింగరేణి కాలనీలల్ల అప్పట్ల బొగ్గు పొయ్యిలే. ఆ పొయ్యి కోసం వాళ్ళు లోపట ఇనుప జాలీ పెట్టి, చుట్టు మందంగ మట్టి మెత్తేది. మా అవ్వ ఒకసారి చుట్టపుచూపుగ పోయి, సంచెడు బొగ్గు తెచ్చి, తుమ్మ కట్టెలు పెట్టే మా మూడు గడ్డల పొయ్యిల పోసింది. పొద్దుగూకేటాళ్ళకు పొయ్యి గడ్డ నిట్టనిలువునా పగిలింది. పప్పు గిన్నె అడుగు ఎర్రగై కూసున్నది. బాపు ఒక్క మాట అనలేదు, పచ్చిపులుసు కలుపుకొని తిన్నడు. పొయ్యికి కట్టె తెలువాలె, కట్టెకు పొయ్యి తెలువాలె. నా ఉద్దేశంల ఎరిక్సన్‌కు లండన్ల తగిలిన మొదటి దెబ్బ గిదే.

అయితే మనిషి ఆగేటోడు కాదు. బ్రైత్‌వైట్ అనే ఆయనతోని కలిసి 1829ల రెయిన్‌హిల్ రైలు పోటీకి పోయిండు. పోటీ సంగతి ఆలస్యంగ తెలిసింది. ఏడు వారాల్ల ఇంజన్ చేసిండ్రు, పేరు నావెల్టీ. చిన్నగ, తేలికగ, గుర్రం పిల్ల లెక్క ఉంటది. గంటకు 28 మైళ్ళ దాక పోయింది, జనం చప్పట్లు కొట్టిండ్రు. తర్వాత పైపు పగిలింది. అతుకేసిండ్రు, మళ్ళ ఊడింది. 500 పౌండ్ల బహుమతి స్టీఫెన్‌సన్ల రాకెట్ అనే రైలింజన్‌కు పోయింది. న్యాయంగనే పోయింది. ఉరికినోనికి కాదు, రోజంత ఉరికినోనికి ఇయ్యాలె. ఆ తర్వాత ఆవిరితోని నీళ్ళు కొట్టే ఫైరింజను చేసిండ్రు. అది నిప్పు బాగనే ఆర్పింది గని, లండన్ ఫైరు సంఘాలకు నచ్చలేదు. చేతిపంపు కొట్టేటోళ్ళు ఉండంగ ఆవిరెందుకు అన్నరు.

ఇగ అసలు ముచ్చట. ఇది చూడుండ్రి. (కూలర్ ఫ్యాను రెక్క చూపుతూ) మా ఇంటి కూలర్ ఫ్యాను. ఎండాకాలం అయిపోయింది కదా, విప్పుకొచ్చిన. ఈ రెక్కలు అడ్డంగ లేవు, జర మెలిదిరిగి ఉన్నయి. తిప్పితే గాలిని ముంగటికి తోస్తది. కూలర్‌ను చక్రాల బల్ల మీద పెట్టి ఫుల్ స్పీడ్‌ల తిప్పుండ్రి, గాలి ముంగటికి, కూలర్ ఎనుకకు. ఓడ కింద ప్రొపెల్లర్ చేసేది అదే. నీళ్ళను ఎనుకకు తోస్తది, ఓడ ముంగటికి పోతది.

అప్పటిదాక ఆవిరి ఓడలకు రెండు దిక్కుల పెద్ద తెడ్ల చక్రాలు ఉండేటివి. నదుల్ల మంచిగనే పనిచేస్తయి. సముద్రంల ఓడ పక్కకు ఒరిగితే ఒక చక్రం మునుగుతది, రెండోది గాలిల తిరుగుతది. యుద్ధం ఓడకైతే ఇంకా పెద్ద కష్టం. ఒక్క గుండు తగిలితే చక్రం ముక్కలు. పైగ ఫిరంగులు పెట్టే జాగల సగం ఆ చక్రాలే తింటయి. ప్రొపెల్లర్ నీళ్ళ కింద ఉంటది, గుండుకు దొరకదు. ఇంజను కూడ నీటిగీత కిందికి దించొచ్చు.

1836ల ఇద్దరు పేటెంటు తీసుకున్నరు. మే నెలల ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే రైతు, జులైల ఎరిక్సన్. ఒకరి సంగతి ఒకరికి తెలియకుంట. స్మిత్‌ది నిజంగనే బోల్టు మర లెక్క పొడుగు చెక్క మర. ఒకనాడు నీళ్ళల్ల దేనికో తగిలి సగం విరిగితే పడవ ఇంకా జోరుగ పోయిందట. ఆ విరుగుడే ఆయనకు పాఠమైంది. ఎరిక్సన్‌ది లెక్క కట్టి చేసినది, ఒకదాని ఎనుక ఒకటి, ఎదురెదురు దిక్కులకు తిరిగే రెండు చక్రాలు.

1837ల ఆయన 45 అడుగుల పడవ చేసి, అప్పటి అమెరికా కాన్సుల్ ఫ్రాన్సిస్ ఆగ్డెన్ పేరు పెట్టి, లండన్ నది థేమ్స్ మీద చూపిండు. ఇంగ్లండు నౌకాదళం పెద్దలు, లార్డులు, తమ రాజపడవల కూసున్నరు. ఈ చిన్న పడవ దాన్ని కట్టుకొని గంటకు పది మైళ్ళు లాక్కపోయింది. లార్డులు దిగిండ్రు, థాంక్స్ చెప్పిండ్రు, ఇంటికి పోయిండ్రు. కొన్నాళ్ళకు తెలిసిందేందంటే, నౌకాదళం సర్వేయర్ సర్ విలియం సైమండ్స్‌కు నచ్చలేదు. బలం వెనక భాగంల పెడితే ఓడ తిరుగదు, చుక్కాని మాట వినదు అన్నడు. కండ్ల ముంగట తిరిగిన పడవను తిరుగదన్నడు!

ఈ కథ చెప్పేటోళ్ళందరు ఈడ లార్డులను తిట్టి ముంగటికి పోతరు. నేను చుక్కాని యంత్రం రిపేరు చేసినోణ్ణి, ఒక్క మాట చెప్పాలె. ఎరిక్సన్ ఆ పడవల ప్రొపెల్లర్లను చుక్కాని వెనక పెట్టిండు. ఇప్పుడు ఏ ఓడ చూడుండ్రి, ప్రొపెల్లర్ ముంగట, చుక్కాని వెనక. ప్రొపెల్లర్ తోసిన నీళ్ళు నేరుగ చుక్కాని మీద పడితే ఓడ చెప్పినట్టు వింటది. తర్వాతి ఓడలు అట్లనే కట్టిండ్రు. సైమండ్స్ చెప్పిన కారణం తప్పే, గని తిరుగుడు గురించి అడుగుడు తప్పు కాదు.

లండన్ల ఆయన చేతికి ఏమీ మిగలలేదు. అప్పులోళ్ళ జైలు కూడ చూసిండు. అప్పుడు రాబర్ట్ స్టాక్టన్ అనే అమెరికా నౌకాదళం కెప్టెన్ దొరికిండు. డబ్బున్నోడు, పలుకుబడి ఉన్నోడు. "మా దేశం రా, నీ ఓడ కట్టిస్త" అన్నడు. 1839ల న్యూయార్క్ పోయిండు. భార్య అమీలియా కొన్నాళ్ళకు అక్కడికి పోయింది గని, ఉండలేక ఇంగ్లండుకే తిరిగిపోయింది. మళ్ళ కలువలేదు. దాని మీద నేనేమి తీర్పు చెప్పను. ఓడ మనుషుల ఇండ్లల్ల ఎట్లుంటదో నాకు తెలుసు.

స్టాక్టన్ మాట నిలబెట్టుకున్నడు. ప్రిన్స్‌టన్ అనే యుద్ధ ఓడ 1843ల నీళ్ళల్లకు దిగింది. అమెరికా నౌకాదళానికి మొదటి ప్రొపెల్లర్ ఓడ. ఇంజన్లన్నీ నీటిగీత కింద, పొగ తక్కువ వచ్చే ఆంత్రసైట్ బొగ్గు, పొగగొట్టం కూడ కిందికి మడిచేటట్టు. ఆ ఓడ మీద రెండు పెద్ద ఫిరంగులు. ఒకటి ఎరిక్సన్ గీసినది, దాని వెనక భాగానికి ఇనుప పట్టీలు వేసి బలం చేసిండు. రెండోది స్టాక్టన్ తనకు తాను చేయించినది, పేరు పీస్‌మేకర్, అంటే శాంతికర్త. 1844 ఫిబ్రవరి 28న పోటోమాక్ నది మీద పెద్దలను ఎక్కించుకొని పోతుంటే ఆ శాంతికర్త పగిలింది. విదేశాంగ మంత్రి అబెల్ అప్‌షర్, నౌకాదళ మంత్రి థామస్ గిల్మర్‌తోని కలిపి ఆరుగురు చచ్చిపోయిండ్రు. ప్రెసిడెంటు టైలర్ అప్పుడు కింది అంతస్తుల ఉండి బతికిపోయిండు.

పగిలింది స్టాక్టన్ ఫిరంగి. మాటలు పడ్డది ఎరిక్సన్. ఓడ మీద రెండేండ్లు చేసిన పనికి 15,000 డాలర్ల పైచిలుకు బిల్లు పెట్టుకుంటే, బతికినన్ని రోజులు అది రాలేదు. కాంట్రాక్టు పనులు చేసినోళ్ళు ఈడ ఎవరన్న ఉంటే ఆ బాధ వాళ్ళకు చెప్పక్కరలేదు. (నవ్వులు) ఇగ వాషింగ్టన్ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నడు.

తర్వాత పదేండ్లు ఆయన మళ్ళ వేడిగాలి మీద పడ్డడు. చిన్ననాటి పొయ్యి మనసుల నుంచి పోలేదు. తన పేరే పెట్టి ఎరిక్సన్ అని ఒక పెద్ద ఓడ కట్టిండు, 260 అడుగులు. ఆవిరి లేదు, వేడిగాలి ఇంజన్లు. సిలిండర్ అడ్డం కొలత ఒక్కొక్కటి 14 అడుగులు. ఈ స్టేజీ మీద పెడితే పట్టదు! 1853 జనవరిల నడిపిండు. నడిచింది, బొగ్గు తక్కువనే తిన్నది, గని నిదానం. గాలిది గుణమే అది. అంత జాగల ఆవిరి ఇచ్చే బలం గాలి ఇయ్యదు. మరుసటి ఏడు గాలివానకు మునిగింది. లేపి ఆవిరి ఇంజన్లు పెట్టుకున్నరు. అదే ఇంజన్ను చిన్నగ చేస్తే మాత్రం వేల లెక్కన అమ్ముడుపోయింది. ప్రింటింగ్ ప్రెస్సులు, నీళ్ళు తోడే పంపులు, ఏడ బాయిలర్ పేలుతదని భయమో ఆడ పెట్టుకున్నరు. ఓడకు పనికిరానిది ఇంటి వెనక బావికి పనికొచ్చింది.

ఇప్పుడు ఎరిక్సన్ గీసిన మోనిటర్ అనే యుద్ధ ఓడ ముచ్చట. 1861ల అమెరికాల అంతర్యుద్ధం. దక్షిణాదోళ్ళు మెరిమాక్ అనే ఓడను ఇనుప కవచం తొడిగి తయారు చేస్తున్నరు. ఉత్తరాదోళ్ళకు భయం. కార్నీలియస్ బుష్నెల్ అనే వ్యాపారి తన ఓడ లెక్కలు సరి చూయించుకునేందుకు ఎరిక్సన్ ఇంటికి వచ్చిండు. లెక్కలు అయిపోయినంక ఈయన ధూళి పట్టిన పెట్టె ఒకటి తీసి ఒక నమూనా చూపిండు. నీళ్ళతోని సమానంగ తేలే ఇనుప తెప్ప, దాని నడుమ గుండ్రటి గది, గదిల రెండు ఫిరంగులు. ఓడ తిరుగక్కరలేదు, గదే తిరుగుతది. బుష్నెల్ దాన్ని పట్టుకొని వాషింగ్టన్ ఉరికిండు.

ముగ్గురు అధికారుల బోర్డు. అండ్ల కమాండర్ డేవిస్ అన్న మాట చెప్పాలె. "దీన్ని ఇంటికి తీసుకపోయి పూజ చేసుకో, పాపం తగలదు, ఎందుకంటే ఇది పైన ఆకాశంల గాని కింద భూమి మీద గాని ఉన్న దేని రూపంలనూ లేదు" అన్నడు. బుష్నెల్ తెలివిగల్లోడు. తిరిగొచ్చి ఎరిక్సన్‌కు కాదన్నరని చెప్పలేదు. "అంతా బాగుందన్నరు, ఒక్కాయనకే చిన్న సందేహం, మీరు చెప్తేనే అర్థమైతదట" అన్నడు. ముసలాయన ఒట్టు పక్కన పెట్టి ఆ రాత్రే రైలెక్కిండు. అక్కడికి పోతే తెలిసింది, అసలే కాదనేశిండ్రని. కోపంతోని లేచిపోబోయిండు. పోయేముందు ఒక్క ప్రశ్న అడిగిండు, ఎందుకు కాదన్నరని. ఓడ బోల్తాపడుతదని భయం అన్నరు. ఆగిండు. ఎందుకు బోల్తాపడదో కూసుండబెట్టి పాఠం చెప్పిండు. పొద్దుమీకేలోగ పని ఇచ్చిండ్రు.

2,75,000 డాలర్లు. గెలువకపోతే డబ్బు వాపస్ అనే షరతు. అక్టోబర్ 25న బ్రూక్లిన్‌ల పని మొదలైతే, 97 రోజులకు, 1862 జనవరి 30న నీళ్ళల్లకు దిగింది. గుండ్రటి గది, దాన్ని టరెట్ అంటరు, లోపల 20 అడుగుల అడ్డం, 9 అడుగుల ఎత్తు. అంగుళం మందం రేకులు ఎనిమిది పొరలు. ఆవిరి ఇంజన్లతోని తిరుగుతది. నీటిగీత కిందనే మనుషులుండే గదులు, మరుగుదొడ్లు కూడ. 1862ల!

నా పంచాయితీ ఈడ ఉన్నది. మనుషులు, బాయిలర్లు అంత నీళ్ళ కింద ఉంటే గాలి ఎట్ల? పై నుంచి గొట్టాలు, కింద తోలు బెల్టులతోని తిరిగే బ్లోయర్లు, అంటే గాలి తోలే ఫ్యాన్లు. గొట్టాల ఎత్తు నాలుగడుగులు. మార్చ్ 6న న్యూయార్క్ వదిలిండ్రు, 7న గాలివాన. అలలు నాలుగడుగుల గొట్టం మీదికెళ్ళి దొర్లినయి. నీళ్ళు కిందికి దుంకి బెల్టులు తడిసినయి. తడిసిన తోలు సాగుతది, పుల్లీ మీద జారుతది. బ్లోయర్లు ఆగినయి. గాలి లేక బాయిలర్ విషవాయువు వెనకకు తిరిగి ఇంజన్ రూం నిండింది. బెల్టు సరిచేయపోయిన ఇంజనీర్లు ఒకరెంక ఒకరు పడిపోయిండ్రు. కాళ్ళు చేతులు పట్టి పైకి గుంజి, చల్లగాలి కోసం టరెట్ నెత్తి మీద పడుకోబెట్టిండ్రు.

నేను ఈ పేజీ చదివినప్పుడు పుస్తకం మూసేసిన. ఎందుకంటే నేను ఆ వాసన చూసినోణ్ణి. కొత్తల, నన్ను ఓడ మీద 'పాంచ్ సాబ్' అనేటోళ్ళు, అంటే అందరికన్న చిన్న ఇంజనీరు. చీఫ్ ఇంజనీరేమో 'బడా సాబ్'. జూన్ నెల, అరేబియా సముద్రం, వానకాలం అలలు. ఓడ ఊగుడుకు ట్యాంకుల అడుగున్న మడ్డి అంత లేచి డీజిల్ ఫిల్టర్లకు అడ్డం పడ్డది. జనరేటర్లు ఒకటెనుక ఒకటి ఆగినయి. బ్లాకౌట్. ఫ్యాన్లు బంద్. చీకట్ల మీకు మొదలు వినవడేది చప్పుడు కాదు, చప్పుడు లేకపోవుడు. పది నిమిషాలకు రెయిలింగు ముట్టుకుంటే చెయ్యి కాలుతది. విడి ఫిల్టర్లు అడిగితే ఆఫీసోళ్ళు రెండు నెలల నుంచి 'వస్తయి' అంటున్నరు. కంపెనీ పేరు ఎందుకు లెండి. బనీను చింపి ఫిల్టర్ తుడిచినం నేను, ఇంకో ఫిట్టరన్న. ఆయన కేరళాయన, టార్చిలైటు నోట్ల పట్టుకొని పని చేసిండు, గంటన్నర. దీపం వెలిగినంక ఆయన పండ్ల గాట్లు టార్చి మీద ఉండె.

అందుకే ఎరిక్సన్‌ను అడగాలనిపిస్తది. అయ్యా, 97 రోజుల్ల అంత గొప్ప ఓడ గీసినవ్, ఒక్క రాత్రి అండ్ల పడుకున్నవా? గొట్టం ఇంకో ఆరడుగులు పెంచితే ఏం పోతుండె? ఆయన జవాబు నాకు తెలుసు. టరెట్ కింద ఇత్తడి రింగు మీద దాని బరువే నీళ్ళు రాకుంట ఆపుతదని ఆయన గీసిండు. షిప్‌యార్డోళ్ళు నమ్మక, టరెట్‌ను లేపి కింద జనపనార కుక్కిండ్రు. అలలకు ఆ నార కొట్టుకపోయి సందుల నుంచి నీళ్ళు కారినయి. 'నేను చెప్పింది చెయ్యక ఓడను అంటరా' అని జీవితమంత కొట్లాడిండు. అండ్ల ఆయన మాటే సరి. బ్లోయర్ గొట్టం సంగతిల మాత్రం నేను ఇంజన్ రూం దిక్కే.

యుద్ధం జల్ది చెప్త, అది అందరు రాసిండ్రు. మార్చ్ 8న మెరిమాక్, దానికి వర్జీనియా అని కొత్త పేరు పెట్టిండ్రు, ఒక కట్టె ఓడను ముంచింది, ఇంకోదాన్ని కాలబెట్టింది. ఆ రాత్రి మోనిటర్ చేరింది. 9న నాలుగు గంటలు కొట్లాడినయి. ఎవరు ఎవర్ని ముంచలేదు. టరెట్ తిప్పే చక్రం తుప్పు పట్టి, ఒకసారి తిరిగితే ఆగదు, ఆగితే తిరుగదు. తిరుగుతుంటనే, ఎదురు ఓడ కనవడంగనే పేల్చిండ్రు. కెప్టెన్ వార్డెన్ ముందున్న చిన్న గదిల, ఫిరంగులు వెనక టరెట్ల. నడుమ మాట్లాడే గొట్టం పనిచేయక మనుషులు ఉరికి కబుర్లు మోసిండ్రు. అయినా కట్టె యుద్ధ ఓడల కాలం ఆ పొద్దుటితోని ఒడిసినట్టే. లోకంల నౌకాదళాలన్నీ టరెట్ల మీద పడ్డయి.

అదే ఏడు డిసెంబర్ 31 తెల్లారుజామున హాటరస్ కొన దగ్గర తుఫానుల మోనిటర్ మునిగింది. 16 మంది పోయిండ్రు. 1973ల దాన్ని కనుగొన్నరు. ఓడ బోల్తాపడి మునిగింది, టరెట్ తలకిందులై మట్టిల ఉన్నది. 2002ల ఆ టరెట్‌ను లేపిండ్రు. బాపు డంపీ లెవెల్ యాదికొచ్చింది నాకు. ఇప్పుడది వర్జీనియాల మెరైనర్స్ మ్యూజియంల మందునీళ్ళ తొట్టిల ఉన్నది, ఉప్పు మెల్లగ దిగిపోవాలెనని.

మోనిటర్ యుద్ధం అయినంక ఎరిక్సన్ న్యూయార్క్ బీచ్ స్ట్రీట్‌ల ఇల్లు కొనుక్కొని, ఆ ఇల్లు వదిలింది తక్కువ. పొద్దందాక బల్ల ముంగట గీతలు గీసుడే. టార్పెడోలు, ఫిరంగులు. గని నాకు ఇష్టమైనది వేరే. అరవై ఐదేండ్ల వయసుల సూర్యుని మీద పడ్డడు. అద్దాలతోని ఎండను ఒక గొట్టం మీదికి మలిపి, ఆ వేడితోని ఇంజన్ నడిపిండు. ఇరవై ఏండ్లు అదే పని. బొగ్గు గనులు ఒకనాటికి ఒట్టిపోతయి, ఎండలు కాసే దేశాలల్ల అప్పుడు ఏం చేస్తరని ఆలోచించిండు. దూరం దేశాల ముచ్చట చేసిండు గని, లెక్క చూస్తే మన ముచ్చటే. ఖర్చు మాత్రం బొగ్గు ఇంజన్‌కన్న చాల ఎక్కువ అయితున్నదని తనే ఒప్పుకున్నడు. ఇండ్ల నాకు నచ్చింది ఏందంటే, ఈసారి నడిపింది కూడ తనే. తన ఇంట్లనే పెట్టుకొని, తనే కొలతలు రాసుకొని, మబ్బు పడితే తనే తిట్టుకొని ఉంటడు. గీసినోడు, నడిపినోడు ఒక్కడే. పంచాయితీకి జాగ లేదు.

ఎండ ఇంజన్ అమ్ముడుపోలేదు. అండ్ల నుంచి పుట్టిన చిన్న వేడిగాలి పంపు, 1880ల పేటెంటైనది, మస్తుగ అమ్ముడుపోయింది. ఎండకు బదులు గ్యాసు, బొగ్గు పెట్టి ఇండ్లల్ల నీళ్ళు తోడుకున్నరు. మా తాత మోట కొట్టిన బావి మీద ఇయ్యాల మా తమ్ముని సోలార్ పంపు ఉన్నది. రామగుండంల బొగ్గు కరెంటు తయారైతున్న ఎన్టీపీసీ చెరువు నీళ్ళ మీదనే 2022 నుంచి 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నయి. మొన్న ఆ కట్ట మీద నిలబడి చూసిన. ఒక దిక్కు పొగగొట్టాలు, ఇంకో దిక్కు ఎండను మింగే నల్ల పలకలు, రెండింటి నడుమ కొంగలు.

1889 మార్చ్ 8న చచ్చిపోయిండు, మోనిటర్ యుద్ధం తారీఖుకు ఒక్కరోజు ముందు. 1826ల స్వీడన్ వదిలినోడు 63 ఏండ్లల్ల ఒక్కసారి తిరిగిపోలేదు. పోయింది శవమే. 1890ల అమెరికా నౌకాదళం బాల్టిమోర్ అనే కొత్త యుద్ధ ఓడ ఎక్కించి పంపింది. ఫిలిప్‌స్టాడ్‌ల, పుట్టిన సీమలనే పాతిపెట్టిండ్రు.

జగిత్యాల, సిరిసిల్ల దిక్కు మనోళ్ళు శంషాబాద్‌ల దుబాయి నుంచి వచ్చే పెట్టె కోసం నిలబడుడు మీరు చూసే ఉంటరు. నేను ఒకసారి నిలబడ్డ, మా ఊరి పిలగాని కోసం. పెట్టె మీద పేరు ఇంగ్లీషుల తప్పు రాసి ఉండె. ఎరిక్సన్‌కు బ్యాండు మేళాలు, ఫిరంగుల సలాములు దక్కినయి. దారి మాత్రం అదే దారి.

బాల్టిమోర్ ఓడ కింద తిరిగినయి రెండు ప్రొపెల్లర్లు. చుక్కానికి ముంగటనే.

సరే, చాయ్ వచ్చినట్టున్నది. ప్రశ్నలుంటే తాగుకుంట మాట్లాడుకుందాం. ఈ కూలర్ రెక్క ఈ టేబుల్ మీదనే పెడుతున్న, మెలి ఎట్లున్నదో దగ్గరికొచ్చి చూడుండ్రి. పోయేముందు నాకే ఇయ్యుండ్రి, మళ్ళ బిగించకపోతే ఇంట్ల మా ఆమె ఊకోదు. అంచు పదునుంది బిడ్డా, వేలు పైలం.